వేళ్ళకిచ్చిన బిట్లు

కంచరపాలెం రైలు గేటు పక్కన
బోల్టుల దుకాణం మీద గది నాది.
గూడ్సు బండి పోతుంటే
మడతపెట్టిన దుప్పటి మీద హార్డ్ డిస్కు వణుకుతుంది.

చోడిపల్లి నూకరత్నం
కొంగుముడి విప్పి మెమరీ కార్డు ఇచ్చింది.
దానికొక పొలుసు అంటుకొని ఉంది.
వినదు, మాట్లాడదు. ఫోన్లో టైపు చేసి చూపించింది:
"చేపల పేర్లు. చెవిటి పిల్లలకి. నలభై రెండు.
డబ్బా ఫోన్లో కూడా ఆడాలి."

పెద జాలరిపేట ఇసుకలో నిలబడి
చేతులతో చెబుతోంది.
కవళ్ళకి పది వేళ్ళూ మెరిసి చెదిరిపోతాయి.
సొరకి అరచెయ్యి నిటారుగా గాలిని కోస్తుంది.
టేకుకి మోచేతులు రెండూ రెక్కలు.
వెనకాల సముద్రం,
ఊరుకోదు.

నా పని ఏమిటో చెప్పాలి మీకు.
కదలనిదాన్ని ఒక్కసారే రాసుకుంటుంది యంత్రం.
గోడని ఒకసారి చూసిందంటే
తర్వాతి బొమ్మలన్నిటికీ "అదే, అదే" అనేస్తుంది.
కదిలినదానికే ఖర్చు.
పెళ్ళి వీడియోల్లో బిగుసుకుని కూర్చున్న మావగార్లు
దాదాపు ఉచితం.
అల అలా కాదు.
ఏ నురుగుకీ ముందటి నురుగు గుర్తుండదు,
ప్రతిసారీ మొదటినుంచి లెక్క.
ఉన్న బిట్లన్నీ సముద్రమే తాగేస్తోంది.

మూడువందల అరవైకి దించేసరికి
కవళ్ళు చెదిరే చోట
పది వేళ్ళూ నాలుగు బూడిద గళ్ళయ్యాయి.
సెకనుకి పదిహేను బొమ్మలే ఉంచి చూశాను,
సొరా టేకూ ఒకటే చేప.

"గోడ ముందు మళ్ళీ తీద్దాం" అని రాశాను.
తక్కెడ మీద వేలు పెట్టినవాణ్ణి చూసినట్టు
చూసింది నన్ను.
సముద్రం వైపు చెయ్యి చాపితే లోతు చేపట,
ఒడ్డు వైపు చాపితే అలివి వలకి దొరికేదట.
గోడకి వైపులుంటాయా?

అప్పుడు గుర్తొచ్చింది శబ్దం.
తొంభై ఆరు కిలోబిట్లు,
వినేవాళ్ళు లేని చోట.
తీసేసే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.
అలలు. పాటదారు కేక: "నూటెనభై, నూటెనభై".
ఎవరిదో మోటారు అంటుకోక దగ్గుతోంది.
వాటి మధ్య, చెయ్యి కదిలినప్పుడల్లా
ఆమె గొంతులోంచి చిన్న చప్పుడు.
టేకుకి ఒకటి. సొరకి ఇంకొకటి.

మూడుసార్లు టైపు చేసి చెరిపాను.
నాలుగోసారి చూపించాను.
చాలాసేపు తెర వైపే చూసి,
"ఏదీ" అన్నట్టు గడ్డం ఎగరేసింది.
శబ్దాన్ని గీతగా పరిచాను.
దగ్గరికి వంగింది.
చూపుడువేలితో గాల్లో
కోనాం వెన్నుముల్లు గీసింది.
నవ్వింది. ఆ నవ్వుకీ చప్పుడుంది.
తర్వాత టైపు చేసింది:
"తీసెయ్. వేళ్ళకి పెట్టు."

పెట్టాను.
యంత్రంతో రెండుసార్లు నడిపించాను,
ఒకసారి చూడ్డానికి, ఒకసారి రాయడానికి.
ముప్పై ఎనిమిది శాతం దగ్గర కరెంటు పోయింది.
"చివరిది", "అసలు చివరిది", "ఇదే చివరిది రెండు":
పేర్లు అయిపోయేసరికి
గేటు దగ్గర పాల వ్యాను హారన్.

పొద్దున్న వచ్చి
పగిలిన అద్దం ఫోనుతో కిటికీ దగ్గర నిలబడింది,
సిగ్నలు ఒక్క గీత.
సముద్రం గళ్ళు గళ్ళుగా ఉందని చూపించబోయాను.
అది పక్కకి పొమ్మని చెయ్యి విసిరింది.
కవళ్ళ దగ్గర ఆపి
గోటితో తెర మీద ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.
ఎనిమిది, తొమ్మిది.
బొటనవేలు కనపడక ఒక బొమ్మ వెనక్కి జరిపింది.
పది.

శబ్దం ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.
పేరు పెట్టలేదు.
తీసెయ్ అంది,
పారెయ్ అనలేదు.
గూడ్సు బండి వస్తోంది. దుప్పటి సర్దాలి.